బావిలో వేలాడిన మాచయ్య

గోరంకపాలెంలో అందరికన్నా తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊళ్ళో ఎవరూ నోరు విప్పరు. అందుకని ఆ ఇంటివాళ్ళే చెప్పుకుంటారు, తమదేనని.

ఆ ఇంట్లో నలుగురు. పెద్దవాడు పైడయ్య. అతని భార్య సన్యాసమ్మ. అతని తమ్ముడు అప్పన్న. ఈ ముగ్గురికీ తెలివి పంచిపెట్టిన నాయనమ్మ చినతల్లి. పంచగా ఆమె దగ్గర ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది.

ఒకసారి పైడయ్య బస్సులో 'చేతులు బయట పెట్టరాదు' అని రాసి ఉండటం చదివాడు. దిగాక చూసుకుంటే రెండు చేతులూ బయటే ఉన్నాయి. అంతే, రెండింటినీ చొక్కాలోకి లాక్కుని ఇంటిదాకా అలాగే నడిచాడు. ఎదురొచ్చినవాళ్ళు దణ్ణం పెడితే తలతోనే పెట్టాడు. "చదువుకున్నందుకు ఆ మాత్రం ఉండాలి" అని నాయనమ్మ మెచ్చుకుంది. ఇంకోసారి బియ్యం బస్తా మీద 'తడి తగలనీయరాదు' అని ఉందట. సన్యాసమ్మ ఆ బియ్యాన్ని కడగలేదు, వండలేదు. వేయించి పెట్టింది. ఆ బస్తా అయిపోయేదాకా ఆ ఇంట్లో మాటలు లేవు, నమలడమే.

అలాంటి ఇంటికి ఒకనాడు మేనత్త వరహాలమ్మ వచ్చింది. నాయనమ్మకి ఒక్కగానొక్క కూతురు. పట్నంలో రవికెలు కుడుతుంది. పుట్టినప్పుడే తల్లి పంచిపెట్టిన తెలివి తీసుకోకుండా తనది తాను తెచ్చుకున్న మనిషి. కూతురికి నెలలు నిండాయని ఆ పిల్ల ఊరు వెళుతోంది. తను తిరిగొచ్చేలోగా ఇంటిమీద పాత పెంకులు దించి కొత్తవి వేయమని పనివాళ్ళకి చెప్పింది. వానొస్తే తడవకూడని వస్తువులు ఆమెకి రెండే ఉన్నాయి. ఆ రెండూ పట్టుగుడ్డలో చుట్టి తెచ్చింది.

విప్పితే బొమ్మల కథల పుస్తకాలు. ఆమె చిన్నప్పుడు నెలనెలా వచ్చిన సంచికలన్నీ కలిపి కుట్టించి అట్టలు వేయించుకుంది. ఒకదాంట్లో మెరుపు మాచయ్య. రెండోదాంట్లో ఇనుప గోవిందు.

మాచయ్య గొర్రెల కాపరి. భుజాన గొంగళి. పరిగెత్తాడంటే ముందు తను చేరతాడు, నీడ వెనకాల ఆయాసపడుతూ వస్తుంది. గోవిందు కమ్మరి. కుడిచెయ్యి మోచేతి నుంచి ఇనుము. పోట్లాటకి దిగేముందు బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాడు. అది కరిగేలోగా దొంగలు పారిపోవాలి. లేకపోతే వాళ్ళ ఖర్మ.

వరహాలమ్మ మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని చదివి వినిపించింది. నలుగురూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. మాచయ్య పరిగెత్తిన చోటల్లా అప్పన్న రొప్పాడు.

"ఇద్దరిలో ఎవరు గొప్పత్తా?" అన్నాడు.

"ఆ మాట మీదే బళ్ళో నేనూ నా స్నేహితురాలు నూకాలూ జుట్లు పట్టుకున్నాం. ఇద్దరూ ఎదురుపడితే మాచయ్యే గెలుస్తాడనేది అది. వాళ్ళ అన్నేమో గోవిందే గెలుస్తాడనేవాడు. వాళ్ళెందుకు కొట్టుకుంటారే, మంచివాళ్ళు కదా, గట్టుమీద కూర్చుని మజ్జిగ తాగుతారు అనేదాన్ని నేను."

"తాగారా?"

"ఎక్కడ. ఈ పుస్తకం వేసినవాళ్ళు వేరు, ఆ పుస్తకం వేసినవాళ్ళు వేరు. ఇందులోవాడు అందులోకి రాడు."

"అయ్యో పాపం. ఇన్నేళ్ళూ ఒకే గుడ్డలో పక్కపక్కన పడుకుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదా" అంది నాయనమ్మ.

వరహాలమ్మ నవ్వి మాచయ్య పుస్తకంలో ఆఖరి పేజీ తీసింది. పాడుబడ్డ బావి. బావిలో తాడు. తాడుకి మాచయ్య. పైన గట్టుమీద నల్లకోటు నాగప్ప నిలబడి మీసం తిప్పుతున్నాడు. తాడు పేలికలైపోయి ఒక్క పోగు మిగిలింది. కింద మూలన చిన్న అక్షరాలతో 'మాచయ్య గతి ఏమిటి? వచ్చే సంచికలో' అని ఉంది.

"తర్వాత?" అన్నాడు పైడయ్య.

"తర్వాత లేదు. పుస్తకం ఆగిపోయింది. ప్రతి సంతకీ వెళ్ళి పుస్తకాలవాణ్ణి అడిగాను. వచ్చే వారం అన్నాడు, ఆ వచ్చే వారం అన్నాడు. నాకు పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఇప్పుడు దానికీ పిల్ల పుట్టబోతోంది. మాచయ్య మాత్రం అలాగే వేలాడుతున్నాడు."

నలుగురి మొహాలూ పాలిపోయాయి. ఆమె చూసుకోలేదు. బస్సుకి వేళయింది. సంచీ భుజాన వేసుకుంటూ, "ఇవి పుస్తకాలు కావురా, నా ప్రాణం. మాచయ్యని మీ చేతుల్లో పెట్టి వెళుతున్నాను. వాడికేమీ కాకుండా చూసుకోండి" అంది.

అంది, వెళ్ళిపోయింది.

ఇంకేముంది, తలుపులు వేసి నలుగురూ పుస్తకం చుట్టూ కూర్చున్నారు.

"ఇన్నేళ్ళు వేలాడితే చేతులు ఎంత పీక్కుపోయి ఉంటాయో" అంది సన్యాసమ్మ.

"ఒక్క పోగు. నా కళ్ళముందే ఊగుతోంది" అన్నాడు పైడయ్య.

"అత్త వచ్చేలోపు తెగిందంటే ఏం సమాధానం చెప్తాం అన్నా?"

అప్పన్నకి వెంటనే ఉపాయం తట్టింది. కిందికి వేలాడితేనే కదా తెగేది. పుస్తకం తలకిందులుగా పెట్టాడు. ఇప్పుడు మాచయ్య పైకి వేలాడుతున్నాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. భోజనాలయ్యాయి. తాంబూలం నముల్తూ నాయనమ్మ వచ్చి చూసింది.

"ఓరి మీ తెలివి. ఆ తల కిందికుంది. రక్తమంతా దాంట్లోకి దిగిపోదూ?"

నిజమే. మొహం కాస్త ఎర్రగానే ఉంది. బొమ్మల పుస్తకాల్లో అందరి మొహాలూ ఎర్రగానే ఉంటాయి, అది వేరే సంగతి. గబగబా తిప్పేశారు. తిప్పిన విసురుకి మాచయ్య ఊగి గోడకి కొట్టుకున్నాడేమోనని సన్యాసమ్మ ఆ పేజీకి కొబ్బరినూనె రాసింది.

"ఏమైనా తిన్నాడా వాడు?" అంది నాయనమ్మ.

ఎవరు పెట్టారు గనక. అంతే, సన్యాసమ్మ గ్లాసెడు మజ్జిగ తెచ్చి మాచయ్య నోటి దగ్గర పోసింది. వాడు తాగలేదు. మజ్జిగంతా బావిలోకి జారిపోయింది.

"ఏమే, బావి నింపేస్తున్నావా? వాడికి ఈత వచ్చో రాదో" అని పైడయ్య కసిరాడు.

"గొర్రెల కాపరికి ఈత ఎలా వస్తుంది అన్నా, గొంగళి కూడా ఉంది" అన్నాడు అప్పన్న.

ముందు బావి ఎండబెట్టాలని పుస్తకాన్ని పొయ్యి దగ్గర పెట్టారు. మీరెవరూ పుస్తకాన్ని పొయ్యి దగ్గర పెట్టకండి. పిల్లలైతే అసలు పొయ్యి దగ్గరికే వెళ్ళకండి. వీళ్ళు పెట్టారు. కాసేపటికి పేజీ అంచు గోధుమరంగుకి తిరిగింది, సన్నగా పొగ లేచింది. "చలి కాచుకుంటున్నాడు పాపం" అంది నాయనమ్మ. ఇంకాసేపుంటే మాచయ్య బూడిదయ్యేవాడు. పొగ కళ్ళలోకి పోయి అప్పన్న తుమ్మాడు కాబట్టి పైడయ్య అపశకునమని పుస్తకం తీసేశాడు. అలా ఒక తుమ్ము మాచయ్యని కాపాడింది.

"ఇది మనవల్ల అయ్యే పని కాదు. అలవాటున్నవాళ్ళు కావాలి" అన్నాడు పైడయ్య.

నలుగురూ ఒక్కసారే రెండో పుస్తకం వైపు చూశారు.

గోవిందు ఉండగా మనకెందుకు తిప్పలు? ఇనుప చెయ్యి. ఒక్క లాగు లాగితే మాచయ్యతో పాటు బావి కూడా పైకొస్తుంది. మరి ఇన్నేళ్ళు పక్కనే ఉండి ఎందుకు లాగలేదు?

"పరిచయం లేదు కదా. ముక్కూ మొహం తెలియనివాళ్ళ బావిలోకి ఎవరు తొంగి చూస్తారు?" అంది నాయనమ్మ.

అంతే, రెండు పుస్తకాలూ తెరిచి ఎదురెదురుగా పెట్టారు. పైడయ్య గొంతు సవరించుకున్నాడు. "గోవిందుగారూ, ఈయన మాచయ్యగారు. గొర్రెలూ అవీ చూసుకుంటారు. మాచయ్యగారూ, ఈయన గోవిందుగారు. కొలిమి పని." కాసేపు చూశారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"మనముంటే మొహమాటపడుతున్నారు" అని అందరూ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు. వచ్చి చూస్తే గోవిందు ఉన్నచోటే ఉన్నాడు.

"బొట్టు పెట్టి పిలిచారా?" అంది సన్యాసమ్మ.

పిలవలేదు. నాయనమ్మ కుంకుమ భరిణె తెచ్చి గోవిందు నుదుట బొట్టు పెట్టి, "మా ఇంట మాచయ్యని బావిలోంచి తీసే కార్యం, తప్పకుండా రావాలి బాబూ" అని పిలిచింది. ఒక పేజీలో గోవిందుని పిలిచి పక్క పేజీలో గోవిందుని పిలవకపోతే బావుండదని అన్ని పేజీల్లోనూ పెట్టుకుంటూ వెళ్ళింది. ఒకచోట చెయ్యి జారి దొంగకి పెట్టేసింది. పెట్టిన బొట్టు చెరపకూడదని వాడినీ రమ్మంది.

అయినా గోవిందు కదల్లేదు. అప్పన్న నేలమీద బోర్లా పడుకుని కన్ను పుస్తకానికి ఆనించి చూశాడు.

"అన్నా, తెలిసింది. అట్టమీద చూడు, గోవిందు కుడివైపుకి పరిగెడుతున్నాడు. మాచయ్య పుస్తకం ఎడమవైపుంది. ఇన్నేళ్ళూ వీడు మంచి మనసుతోనే బయల్దేరాడు. దారే తప్పు."

నలుగురికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. పుస్తకాలు అటుదిటు మార్చారు. ఇప్పుడు గోవిందు సరిగ్గా మాచయ్య వైపే పరిగెడుతున్నాడు. దారిలో అడ్డంగా అట్ట ఉంది. అట్ట అంటే తలుపు. మూసిన తలుపులోంచి ఎవరొస్తారు? అంతే, పైడయ్య గోవిందు పుస్తకానికి అట్ట పీకేశాడు. లోపల కుట్టుదారం ఉంది. కట్టేసి ఉంచితే ఎలా వస్తాడు? సన్యాసమ్మ దారం కోసేసింది. పేజీలన్నీ వదులైపోయాయి.

"ఇక నీ ఇష్టం గోవిందూ. తలుపు తీశాం, కట్లు విప్పాం" అన్నాడు పైడయ్య.

అప్పుడే వీధిలోంచి గాలి వచ్చింది. పేజీలన్నీ లేచాయి.

"బయల్దేరాడు, బయల్దేరాడు" అంటూ నలుగురూ చప్పట్లు కొట్టారు.

పేజీలు గుమ్మం దాటి పెరట్లోకి వెళ్ళాయి. పెరట్లో మేక ఉంది. వీళ్ళు వెళ్ళి చూసేసరికి ఒక్క పేజీ కూడా లేదు. మేక నోట్లో చివరి ముక్క కనబడింది. దానిమీద ఇనుప చెయ్యి. మేక తల పైకెత్తి ఒక్క గుటక వేసింది.

మేకకి ఏమీ కాలేదు, కంగారు పడకండి. అది అంతకుముందు పైడయ్య కండువా కూడా తిన్నది.

సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇప్పుడెలాగయ్యా?"

పైడయ్య చాలాసేపు మేకని చూశాడు. తర్వాత నెమ్మదిగా చేతులు జోడించాడు.

"ఏడవకే. గోవిందుకి ఏమీ కాలేదు. లోపలున్నాడు."

అవును కదా. అప్పటినుంచి ఆ ఇంట్లో మేకని మేక అన్నవాళ్ళు లేరు. కట్టుతాడు విప్పేశారు. ఇనుప చెయ్యి ఉన్నవాణ్ణి కట్టేస్తే ఆగుతాడా? నాయనమ్మ బెల్లం ముక్క పెట్టింది. మేక తిన్నది. "చూశావా, పోట్లాటకి సిద్ధమవుతున్నాడు" అంది. మేకని లోపలికి పిలిచి మాచయ్య వేలాడుతున్న పేజీ ముందు నిలబెట్టారు.

"ఇదే బావి గోవిందుగారూ. నెమ్మదిగా లాగండి, ఒక్క పోగే ఉంది" అన్నాడు అప్పన్న.

మేక వాసన చూసింది. మజ్జిగా, కొబ్బరినూనే కలిసి పేజీ ఘుమఘుమలాడుతోంది. మూతి దింపింది.

"దిగుతున్నాడు, దిగుతున్నాడు" అన్నాడు పైడయ్య.

చటుక్కున కింద మూల చిరిగింది. మాచయ్య మిగిలాడు. 'మాచయ్య గతి ఏమిటి? వచ్చే సంచికలో' అన్న ముక్క మేక నోట్లోకి పోయింది.

"అన్నా, వచ్చే సంచిక కూడా లోపలికి వెళ్ళిపోయింది."

"మంచిదే. లోపలే ఉంటే ఎప్పటికైనా వస్తుంది" అంది నాయనమ్మ.

పది రోజులపాటు నలుగురూ మేక వెనకాలే తిరిగారు. వచ్చే సంచిక రాలేదు. వచ్చింది వేరే.

ఇంతలో కబురొచ్చింది. వరహాలమ్మకి మనవరాలు పుట్టింది, తల్లీపిల్లా క్షేమం, రేపు వచ్చి పుస్తకాలు తీసుకెళ్తుంది.

ఇంకేముంది, ఇంట్లో పొయ్యి వెలగలేదు. పైడయ్య పుస్తకం ముందు కూలబడిపోయాడు. గోవిందు పుస్తకం లేదు. మాచయ్య పుస్తకానికి మజ్జిగ మరక, నూనె మరక, కాలిన అంచు, మేక కొరికిన మూల. ఇవేవీ అతనికి బాధగా లేవు. "వాడింకా అక్కడే ఉన్నాడే. అత్త మన చేతుల్లో పెట్టింది. ఇన్ని తెలివైన పనులు చేసి కూడా జానెడు పైకి లాగలేకపోయాం" అన్నాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

అది చూసి అప్పన్నకి గుండె తరుక్కుపోయింది. "అన్నా, లారీలకి రంగులేసే నూకరాజున్నాడు కదా. వాడి చేత బయటికి గీయిద్దాం."

పుస్తకం చంకన పెట్టుకుని, మేకని వెంటబెట్టుకుని, కూలికింద ఇవ్వడానికి ఒక ఆనపకాయ కోసుకుని అన్నదమ్ములు రోడ్డు మీదికి వెళ్ళారు. నూకరాజు ఒక లారీ వెనక తామరపువ్వు వేస్తున్నాడు.

"బొమ్మ కావాలా? నాకు తామరపువ్వూ, గద్దా, ఆవూదూడా వచ్చు. ఏది కావాలి?" అన్నాడు.

"గోవిందు మాచయ్యని బావిలోంచి బయటికి తీసేసినట్టు కావాలి."

"గోవిందు ఎలా ఉంటాడు?"

పైడయ్య మేకని చూపించాడు. "లోపలున్నాడు."

నూకరాజు మేకని చూశాడు. పైడయ్యని చూశాడు. ఆనపకాయని చూశాడు. ఆనపకాయ లేతగా ఉంది. "సరే, ఎలా కావాలో చెప్పండి" అన్నాడు.

"ఇద్దరూ గట్టుమీద కూర్చుని ఉండాలి" అన్నాడు పైడయ్య.

"చేతుల్లో మజ్జిగ గ్లాసులు. మా అత్త అలాగే చెప్పింది, చిన్నప్పటినుంచీ" అన్నాడు అప్పన్న.

"బావిలో ఎవరూ వద్దా?"

"నాగప్పని పడేయి" అన్నాడు అప్పన్న పళ్ళు నూరుతూ.

నూకరాజు కాగితం మీద వేశాడు. మాచయ్యకి గొంగళి వేశాడు. గోవిందుకి ఇనుప చెయ్యి వేశాడు. చిన్న గడ్డం కూడా పెట్టాడు, మేకని చూసి వేశాడు కదా. ఇద్దరి మధ్యా ఆవూదూడా వచ్చాయి. చెయ్యి అలవాటు. కింద 'హారన్ కొట్టుము' అని రాశాడు. అదీ అలవాటే. ఆ కాగితాన్ని పాత పేజీ మీద జిగురుతో గట్టిగా అంటించేశాడు.

"చూడు, తాడు లేదు" అన్నాడు పైడయ్య. దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చాడు.

ఇంటికొచ్చాక, కొట్టమని రాసి ఉంది కాబట్టి, అప్పన్న చేతులు గొట్టంలా పట్టుకుని "పాం" అన్నాడు. అప్పుడు పుస్తకం తెరిచారు. సన్యాసమ్మ మాచయ్యకి దిష్టి తీసింది. పొయ్యి వెలిగింది. పాయసం వండారు. అక్కడితో కథ కంచికి వెళ్ళాల్సింది. నాయనమ్మ వెళ్ళనివ్వలేదు.

"బావిలో ఎవర్రా అది?"

"నాగప్ప, నాయనమ్మా. దుర్మార్గుడు."

"దుర్మార్గుడైతే? వాడికీ ఒక అమ్మ ఉండదూ? ఆవిడ ఎక్కడో కూర్చుని, నా బిడ్డ తిన్నాడో లేదో, ఎవరి బావిలో ఉన్నాడో అనుకోదూ?"

ముగ్గురూ పాయసం గిన్నెలు కింద పెట్టేశారు.

"అంతేకాదు మామ్మా, అక్కడ దూడ కూడా ఉంది. గంతులేసి బావిలో పడిందంటే?" అంది సన్యాసమ్మ.

"ఇదంతా బావి వల్లే. బావే లేకపోతే ఎవరు పడతారు?" అన్నాడు పైడయ్య.

అంతే, సన్యాసమ్మ కత్తెర తెచ్చి బావిని గుండ్రంగా కత్తిరించేసింది. ఒక చోట కూర్చునే కత్తిరించింది, కత్తెర పట్టుకుని తిరగలేదు. ఆ ఒక్క విషయంలో ఆమెని చూసి నేర్చుకోవచ్చు. ఇప్పుడు మాచయ్యా గోవిందూ గట్టుమీద క్షేమంగా ఉన్నారు. వాళ్ళ పక్కన బావి లేదు, బెజ్జం ఉంది. కత్తిరించిన బావి గాలికి తేలి ముందుగది నడిమధ్య నేలమీద పడింది.

నలుగురూ ఒక్కసారి వెనక్కి గెంతారు.

"ఎవరూ కదలకండి. ఇంట్లో బావి పడింది" అన్నాడు పైడయ్య.

అప్పటినుంచి వాళ్ళు ముందుగదిలో గోడకి వీపు ఆనించి నడిచారు. అప్పన్న బావి చుట్టూ ఇటుకలు పేర్చబోయి, వంగితే పడతానని మానేశాడు. సన్యాసమ్మ మాత్రం, "పోనీలే, ఇంట్లోనే నీళ్ళు" అని చేంతాడూ బకెట్టూ తెచ్చి పక్కన పెట్టుకుంది. నాయనమ్మ దూరంనుంచే, "నాగప్పా, బావున్నావా నాయనా" అని కేకేసింది. వాడు పలకలేదు. రోషం.

మర్నాడు వరహాలమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఏరీ నా వాళ్ళు?" అంది.

పైడయ్య గోడవెంట పాక్కుంటూ వచ్చి పుస్తకం అందించాడు. ఒక్కటే ఉంది. మరకలూ, కాలిన అంచూ ఉన్నాయి. ఆమె మొహం మాడిపోయింది.

"గోవిందు ఏడిరా?"

"పెరట్లో మేస్తున్నాడత్తా."

ఆమె గుమ్మంలోనే చతికిలబడింది. చిన్నప్పటినుంచి దాచుకున్నది. మూత్రం పోసే పిల్లల నుంచి, వరదనుంచి, చెదల నుంచి కాపాడుకున్నది. ఎవరిమీద అరవాలో కూడా తెలియక పుస్తకం తెరవబోయింది.

"పాం" అన్నారు నలుగురూ.

ఆమె ఉలిక్కిపడింది. వేళ్ళు జారి ఆఖరి పేజీ తెరుచుకుంది.

తాడు లేదు. మాచయ్య గట్టుమీద కూర్చున్నాడు. భుజాన గొంగళి. పక్కన గోవిందు, గడ్డంతో. ఇద్దరి చేతుల్లో మజ్జిగ.

వరహాలమ్మ పేజీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ముక్కు ఎగబీల్చింది. వేలితో మాచయ్య కాళ్ళు తడిమింది, అవి నేలకి ఆనాయో లేదో చూసుకున్నట్టు.

"బయటికొచ్చేశాడా" అంది నెమ్మదిగా.

"వచ్చేశాడత్తా. మజ్జిగ కూడా తాగాడు. నువ్వు చెప్పినట్టే" అన్నాడు పైడయ్య.

"కొట్టుకోలేదుగా?"

"ఒక్క మాట కూడా అనుకోలేదు."

"నేను ముందే చెప్పాను నూకాలుకి" అంది. కళ్ళు తుడుచుకుంది. నవ్వింది. నూకాలుకి చూపించాలని పుస్తకం గుండెలకి హత్తుకుని లేచింది. లోపల తల్లికి చెప్పాలని గబగబా రెండడుగులు వేసింది. రెండో అడుగు సరిగ్గా బావిలో పడింది.

"అత్త పడిపోయింది" అన్నాడు అప్పన్న.

ఇంకేముంది, సన్యాసమ్మ చేంతాడు విసిరింది. పైడయ్య దాన్ని వరహాలమ్మ నడుముకి చుట్టాడు. అప్పన్న పెరట్లోకి పరిగెత్తి మేకని తీసుకొచ్చి తాడు రెండో కొస దాని మెడకి తగిలించబోతే, సన్యాసమ్మ, "గోవిందు మెడకి వద్దు, ఊపిరాడదు" అని తన నడుముకే కట్టుకుంది. నాయనమ్మ చేతులు చాచి, "నాగప్పా, మా పిల్ల నీ పక్కనే పడింది, కాస్త కిందనుంచి ఎత్తు నాయనా" అంది.

"నేను పడలేదర్రా. నేలమీద నిలబడ్డాను" అంది వరహాలమ్మ.

"అడుగు తగిలిందట. మరీ లోతు లేదు" అన్నాడు పైడయ్య.

"ఇది కాగితంరా."

"మతి చెదిరింది పాపం. మాట్లాడించకండి, లాగండి."

లాగారు. ఆమె బరువుకి వాళ్ళే జారి ముందుకి వచ్చారు. అది చూసి ఇంకా గట్టిగా లాగారు. కాసేపటికి వరహాలమ్మకి ఒక సంగతి అర్థమైంది. ఈ ఇంట్లో పడినవాళ్ళు పైకి రావాల్సిందే తప్ప, పడలేదంటే కుదరదు. ఆమె చంకలో పుస్తకం జాగ్రత్తగా పట్టుకుని పెద్ద గెంతు గెంతి గోడ దగ్గర పడింది.

"వచ్చేసింది" అని నలుగురూ కౌగిలించుకున్నారు. సన్యాసమ్మ ఆమె చీర పిండి చూసి, "అదృష్టం, తడవలేదు" అంది.

సాయంత్రం బస్సుకి వెళుతూ వరహాలమ్మ గుమ్మంలో ఆగింది. మళ్ళీ ఎవర్నైనా తాడుతో లాగుతారేమోనని భయమేసింది. "ఒరే, ఆ బావి పూడ్చెయ్యండ్రా" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడటం లేదు. నెమ్మదిగా "పాం" అని, తెరిచింది.

ఇక్కడ గోరంకపాలెంలో పైడయ్య తట్ట తెచ్చాడు, అప్పన్న పార తెచ్చాడు.

"ఆగండి. లోపల నాగప్ప ఉన్నాడు" అంది నాయనమ్మ.

"నువ్వు ఊరుకో నాయనమ్మా. మనం మట్టి పోసినకొద్దీ వాడు దానిమీద ఎక్కి నిలబడతాడు. బావి నిండేసరికి తనే బయటికొస్తాడు" అన్నాడు అప్పన్న.

అంత తెలివైన మాట ఆ ఇంట్లో కూడా ఎవరూ అనలేదని అందరూ ఒప్పుకున్నారు.

అంతే, ముందుగదిలో మట్టి పోయడం మొదలుపెట్టారు. తట్ట పోయడం, వంగి చూడటం. నాగప్ప తల కనబడలేదు. ఇంకో తట్ట. కిటికీలు మూసుకుపోయాయి. ఇంకో తట్ట. మట్టి దూలాలని అంటింది. ఇప్పుడు వాళ్ళు అరుగు మీద వండుకుని అరుగు మీదే పడుకుంటున్నారు. పెరటి మట్టంతా అయిపోయి పక్కవాళ్ళ పెరట్లో అడుగుతున్నారు.

దారిన పోయేవాళ్ళు, ఇంట్లోకి ఎందుకు వెళ్ళటంలేదని అడిగితే పైడయ్య నుదుటి చెమట తుడుచుకుని, "ఇంకా నిండలేదండీ. ఎంత లోతు బావో. మాచయ్య దీంట్లో అన్నేళ్ళు ఎలా వేలాడాడో, తలుచుకుంటేనే కళ్ళు తిరుగుతున్నాయి" అంటాడు. అని, తట్ట ఎత్తుకుంటాడు.